ఓట్లేసి దేవుణ్ని పిలిస్తే

టెక్సస్ రాష్ట్రంలో హ్యూస్టన్‌కూ గాల్వెస్టన్ సముద్రతీరానికీ మధ్య శాంటా ఫే అనే చిన్న పట్టణం ఉంది. శాంటా ఫే రైల్వే లైను వెంట వెలసిన పల్లెలు 1978లో కలిసి పట్టణమయ్యాయి, రైలు పేరే ఊరి పేరైంది. 2020 జనాభా లెక్కల ప్రకారం అక్కడున్నది పదమూడు వేల లోపు మనుషులు. ఊరికంతటికీ పబ్లిక్ హైస్కూలు ఒక్కటే. అమెరికాలో పబ్లిక్ స్కూలంటే మన సర్కారు బడి. పన్నుల డబ్బుతో నడుస్తుంది. ఊరివాళ్ళు ఎన్నుకున్న స్కూల్ బోర్డు దాని మంచిచెడ్డలు చూసుకుంటుంది. శాంటా ఫే హైస్కూలు రంగులు ఆకుపచ్చ, బంగారం. జట్టు పేరు ఇండియన్స్.

శుక్రవారం రాత్రి స్టేడియంలో దీపాలు వెలిగాయంటే ఇలాంటి ఊళ్ళలో మిగతా పనులన్నీ పక్కకు పోతాయి. హెల్మెట్లు, భుజాల ప్యాడ్లు తగిలించుకున్న పదహారు పదిహేడేళ్ళ కుర్రాళ్ళు అమెరికన్ ఫుట్‌బాల్ ఆడే కోలబంతి కోసం ఒకరి మీద ఒకరు పడుతుంటే, మెట్ల మీద కూర్చున్న తాతలు తాము ఆడిన రోజులు తవ్వుకుంటూ ఉంటారు. బ్యాండు వాయించే పిల్లలు, చీర్‌లీడర్లు, టికెట్లు చించేవాళ్ళు, తినుబండారాలు అమ్మి జట్టుకు డబ్బు పోగుచేసే తల్లిదండ్రులు... ఎవరి పని వాళ్ళది. ఏటా ఒకసారి హోమ్‌కమింగ్ పేరుతో పాత విద్యార్థులను పిలుస్తారు. ఆ రోజు టెక్సస్ అమ్మాయిలు మోకాళ్ళ దాకా వేలాడే రిబ్బన్లు, చిరుగంటలు కట్టిన చేటంత చేమంతిని గుండెల మీద తగిలించుకుని తిరుగుతారు. చిన్న ఊళ్ళో జాతర, పెళ్ళి సందడి, ఎన్నికల ముచ్చట అన్నీ కలిసి ఆ ఒక్క సాయంత్రంలోకి వచ్చి చేరతాయి.

1995 దాకా శాంటా ఫేలో ఆట మొదలయ్యే ముందు ఒక తంతు జరిగేది. విద్యార్థి సంఘానికి అధ్యక్షుడూ కార్యదర్శీ ఉన్నట్టే చాప్లిన్ అనే పదవి కూడా ఉండేది. ప్రార్థన చేయించడం ఆ పదవిలో ఉన్నవాళ్ళ పని. సొంత స్టేడియంలో జరిగే ప్రతి పెద్ద మ్యాచ్‌కు ముందు ఆ విద్యార్థి మైకు అందుకుని అందరి తరఫునా ప్రార్థించేవాడు. స్టేడియం మొత్తం తలలు వంచేది.

1995 ఏప్రిల్‌లో రెండు కుటుంబాలు దీని మీద కోర్టుకు వెళ్ళాయి. ఇలాంటి కేసు అనగానే నాస్తికులు వేసి ఉంటారనుకోవడం సహజం. ఈ రెండు కుటుంబాలూ దేవుణ్ని నమ్మేవే. ఒకటి కాథలిక్కులది, రెండోది మోర్మన్లది. రెండూ క్రీస్తు పేరు చెప్పుకునేవే. కోర్టు రికార్డుల్లో ఒక సంఘటన ఉంది. 1993 ఏప్రిల్‌లో ఏడో తరగతి టెక్సస్ చరిత్ర పాఠం మధ్యలో టీచరు బాప్టిస్ట్ అనే క్రైస్తవ శాఖ వాళ్ళ ఉజ్జీవ సభ కరపత్రాలు పంచాడు. బాప్టిస్టులు కానివాళ్ళు కూడా రావచ్చా అని ఒక అమ్మాయి అడిగింది. నీది ఏ మతమని టీచరు ఆరా తీశాడు. మోర్మన్ అని చెప్పగానే, అది క్రైస్తవమే కాదనీ దాంట్లో ఎన్ని దోషాలున్నాయో చూడండనీ క్లాసు ముందే ఏకరువు పెట్టాడు. ఆ పిల్ల అడిగిందల్లా సభకు తామూ రావచ్చా అని మాత్రమే.

కేసు వేసినవాళ్ళ పేర్లు కోర్టు బయటపెట్టలేదు. స్కూలు తరఫువాళ్ళు ఎవరైనా గుచ్చిగుచ్చి అడిగి, ఆరాలు తీసి వాళ్ళెవరో కనిపెట్టాలని చూస్తే కఠినంగా వ్యవహరిస్తానని జడ్జి రాతపూర్వకంగా హెచ్చరించాల్సి వచ్చింది. అందరికీ అందరూ తెలిసిన ఊళ్ళో గుంపుతో విభేదించడం ఎంత ఖరీదైన వ్యవహారమో చెప్పడానికి ఆ హెచ్చరిక చాలు.

స్కూల్ బోర్డు వెనక్కి తగ్గలేదు, దారి మార్చింది. 'ఫుట్‌బాల్ మ్యాచ్‌లలో ప్రార్థన' అని 1995 ఆగస్టులో ఒక విధానం రాసుకుంది. అక్టోబరు నాటికి ఆ శీర్షికలోంచి 'ప్రార్థన' అన్న మాటను తీసేసింది, లోపలి సరుకు మాత్రం దాదాపు అలాగే ఉంది. దాని ప్రకారం విద్యార్థులు రహస్య బ్యాలెట్‌తో రెండు ఓటింగులు జరుపుకోవాలి. ఆటకు ముందు ఇలాంటి పలుకులు కావాలా వద్దా అన్నది మొదటిది. కావాలంటే ఎవరు పలకాలన్నది రెండోది. పిల్లలు కావాలనే తేల్చారు. ఇక ఇది ప్రభుత్వం చేయించే ప్రార్థన కాదు, పిల్లలు స్వేచ్ఛగా పలికే మాట అని బోర్డు వాదించింది.

పైకి న్యాయంగానే కనిపిస్తుంది. ప్రజాస్వామ్యంలో ఓటు కంటే పెద్ద ప్రమాణం ఏముంది? చిక్కంతా అక్కడే ఉంది. ఊరికి చెరువు తవ్వించాలా రోడ్డు వేయించాలా అన్నప్పుడు ఓడినవాడు కూడా చివరికి ఆ రోడ్డు మీదే నడుస్తాడు, నష్టం పెద్దగా ఉండదు. ప్రార్థన సంగతి వేరు. అక్కడ ఓడినవాడు ఖర్చు భరించి ఊరుకుంటే సరిపోదు. తన నోటితో తాను అనని మాటను తన పేరు కూడా కలిపి ఇంకొకరు దేవుడికి విన్నవిస్తుంటే తల వంచి నిలబడాలి. భక్తుడూ భగవంతుడూ తేల్చుకోవలసిన సంగతిని బ్యాలెట్ పెట్టె ఎలా తేలుస్తుందన్నది శాంటా ఫే కేసులోని అసలు ప్రశ్న.

కేసు 2000 మార్చిలో సుప్రీంకోర్టు ముందు వాదనలకు వచ్చింది. అప్పటి టెక్సస్ గవర్నరు జార్జ్ డబ్ల్యూ. బుష్ స్కూలు పక్షాన నిలబడ్డారు. జూన్ 19న ఆరుగురు న్యాయమూర్తులు ఒక వైపు, ముగ్గురు ఇంకో వైపుగా తీర్పు వచ్చింది. మెజారిటీ తరఫున జస్టిస్ జాన్ పాల్ స్టీవెన్స్ రాశారు. స్కూలు స్టేడియం, స్కూలు మైకు, స్కూలు రంగులు, స్కూలు అనుమతి ఇన్ని ఉన్నాక ఆ మాటను ఒక విద్యార్థి సొంత మాట అనడం కుదరదని ఆయన తేల్చారు. ఇష్టం లేనివాళ్ళు మ్యాచ్‌కు రాకపోతే సరి అన్న వాదనకూ జవాబు ఇచ్చారు. బ్యాండు పిల్లలు, చీర్‌లీడర్లు, ఆటగాళ్ళు రాక తప్పదు, కొందరికి అందులో మార్కులు కూడా ఉంటాయి. మిగిలిన పిల్లలనైనా శుక్రవారం సాయంత్రం తోటివాళ్ళతో గడపడమా, మనసుకు నచ్చని ప్రార్థనను తప్పించుకోవడమా ఏదో ఒకటి ఎంచుకోమనే హక్కు ప్రభుత్వానికి లేదన్నారు. విద్యార్థి తనంతట తాను బడికి ముందైనా తర్వాతైనా మధ్యలోనైనా ప్రార్థించుకోవడాన్ని రాజ్యాంగం ఆపదనీ అదే తీర్పులో స్పష్టంగా రాశారు.

ప్రధాన న్యాయమూర్తి రెన్‌క్విస్ట్ ఘాటుగా విభేదించారు. ప్రజాజీవితంలో మతం కనిపిస్తే చాలు మెజారిటీకి గిట్టడం లేదని ఆయన ఫిర్యాదు. అమెరికా తొలి అధ్యక్షుడు జార్జ్ వాషింగ్టనే దేవుడికి కృతజ్ఞత చెప్పే రోజును దేశమంతా జరుపుకోవాలని ప్రకటించారు కదా అని గుర్తుచేశారు. ఆయన మాటను కొట్టిపారేయడానికి లేదు. అమెరికా చట్టసభలు ఇవాళ్టికీ ప్రార్థనతోనే మొదలవుతాయి.

ఇంతకీ బలవంతం అంటే ఏమిటి? శాంటా ఫే తీర్పుకు ఎనిమిదేళ్ళ ముందు, 1992లో, ఇదే ప్రశ్న ఇంకో కేసులో వచ్చింది. రోడ్ ఐలండ్ రాష్ట్రంలోని ప్రావిడెన్స్ నగరంలో ఒక మిడిల్ స్కూలు పట్టాల ప్రదానానికి యూదు మతాచార్యుణ్ని పిలిచి ప్రార్థన చేయించారు. అభ్యంతరం చెప్పిన కుటుంబం కూడా యూదులదే. తమ మతం ప్రార్థనే అయినా ప్రభుత్వ బడి చేయించకూడదన్నది వాళ్ళ పట్టుదల. అయిదుగురు న్యాయమూర్తులు వాళ్ళతో ఏకీభవించారు. తోటివాళ్ళంతా లేచి నిలబడితే పద్నాలుగేళ్ళ పిల్ల ఒక్కతే కూర్చోగలదా అన్నది వాళ్ళ తర్కం. విభేదించిన జస్టిస్ స్కాలియా దాన్ని వెక్కిరించారు. చట్టం శిక్షిస్తానంటేనే బలవంతం, మర్యాదకు లేచి నిలబడటం ప్రార్థించడం ఎలా అవుతుందని ఆయన అడిగారు.

తత్వశాస్త్రం చదివినవాళ్ళకు స్కాలియా పక్షాన బలం ఉన్నట్టే అనిపిస్తుంది. పక్కవాళ్ళు ఏమనుకుంటారో అన్న జంకు మనిషి బతుకులో ఎప్పుడూ ఉండేదే, ప్రతి జంకునూ రాజ్యాంగం తీర్చలేదు. బడిలో చదివిన ఎవరికైనా రెండో పక్షమూ తెలుసు. పదిహేనేళ్ళ వయసులో జైలుకంటే వెలివేతకే ఎక్కువ భయం.

ప్రావిడెన్స్ నగరానికి ఈ చర్చలో ఇంకో పాత్ర ఉంది. దాన్ని 1636లో స్థాపించింది రోజర్ విలియమ్స్. మసాచుసెట్స్ పాలకులు వెళ్ళగొడితే వచ్చి కొత్త ఊరు కట్టుకున్న మనిషి ఆయన. అమెరికాలో తొలి బాప్టిస్ట్ సంఘం మొదలైంది ఆ ఊళ్ళోనే. ఆయన 1644లో అచ్చువేసిన పుస్తకం మొత్తం ఒకే వాదన మీద నిలబడుతుంది. రాజ్యం కర్ర పట్టుకుని చేయించే ఆరాధన దేవుణ్ని అవమానించడమే. ఇది దేవుడు లేడన్నవాడి వాదన కాదు, దేవుణ్ని మరీ గట్టిగా నమ్మినవాడిది. తర్వాత 1689లో జాన్ లాక్ ఇదే తర్కాన్ని ఇంకో వైపు నుంచి చెప్పాడు. జరిమానాతో మనిషిని గుడి గడప దాటించవచ్చుగానీ జరిమానాతో నమ్మకం పుట్టించలేరని. వర్జీనియాలో అనుమతి లేకుండా బోధించినందుకు బాప్టిస్టులు జైళ్ళకు వెళ్ళారు. ప్రభుత్వానికీ మతానికీ మధ్య గోడ ఉండాలని అధ్యక్షుడు జెఫర్సన్ 1802లో రాసిన ప్రసిద్ధమైన ఉత్తరం కనెక్టికట్ రాష్ట్రంలోని డాన్‌బరీ బాప్టిస్టులకే. అల్పసంఖ్యాకులుగా ఉన్నప్పుడు గోడ కావాలన్నవాళ్ళ వారసులు టెక్సస్ పట్టణాల్లో బలమైన వర్గమయ్యాక మైకు కావాలన్నారు. ఒక్క బాప్టిస్టులనే అనడానికి లేదు, సంఖ్యాబలం చేతికి వచ్చిన ఏ సమూహం చరిత్ర చూసినా ఈ మలుపు కనిపిస్తుంది.

ప్రార్థన అంటే తలుపు వేసుకుని ఒంటరిగా చేసుకునేదే, నలుగురిలో చేస్తే అది ఆడంబరం అనే తీర్మానం కూడా తేలికగా నోటికి వస్తుంది. మత్తయి సువార్త ఆరో అధ్యాయంలో యేసు గదిలోకి వెళ్ళి రహస్యంగా ప్రార్థించమని చెప్పాడు కాబట్టి, శాంటా ఫే విమర్శకులు తరచుగా దాన్నే ఎత్తిచూపుతారు. తెలుగు పాఠకులకు అది పూర్తిగా మింగుడుపడదు. ధనుర్మాసంలో తెల్లవారుజామున వీధులు తిరిగే భజన బృందం, శుక్రవారం మసీదులో భుజం భుజం కలిపి నిలబడే వరుస, ఆదివారం చర్చిలో గొంతు కలిపే పాట... నలుగురూ కలిస్తేనే పుట్టే భక్తి ఒకటుంది. దాన్ని తక్కువ చేసి చూడటం తప్పు. కాకపోతే భజన మందిరానికి వచ్చినవాడు భజన కోసమే వస్తాడు. స్టేడియానికి వచ్చిన పిల్లవాడు ట్రంపెట్ వాయించడానికి వచ్చాడు. అతణ్ని ఎవరూ పిలవకుండానే భక్తబృందంలో కలిపేశారు.

మతం మైదానంలోకి దిగితే రాజ్యాంగంతో సంబంధం లేని చిక్కు కూడా ఒకటుంది. ఆటలో రెండు జట్లుంటాయి. రెండూ మొక్కుతాయి. దేవుడు ఎవరి పక్షం? తిరుపతి వేంకట కవుల నాటకం 'పాండవోద్యోగం' చూసిన తెలుగువాళ్ళకు పడక సీను కళ్ళ ముందు మెదులుతుంది. తల దగ్గర దుర్యోధనుడు, కాళ్ళ దగ్గర అర్జునుడు, మధ్యలో నిద్ర నటించే కృష్ణుడు. అక్కడ ఇద్దరికీ దక్కింది. ఒకరికి సైన్యం, ఒకరికి ఆయుధం పట్టని తాను. అమెరికాలో ఇదే ప్రశ్నను అబ్రహాం లింకన్ 1865లో, అంతర్యుద్ధం ఇంకా ముగియకముందే, తన రెండో ప్రమాణ స్వీకార ప్రసంగంలో వేసుకున్నాడు. రెండు సైన్యాలూ ఒకే బైబిలు చదివి, ఒకే దేవుణ్ని ఎదుటివాడి ఓటమి కోరుతున్నాయనీ, ఇద్దరి ప్రార్థనలూ ఫలించడం సాధ్యం కాదనీ అన్నాడు. గెలవబోతున్న పక్షం నాయకుడు దేవుడు మావాడేనని చెప్పుకోకపోవడం ఆ ప్రసంగంలోని విశేషం.

హైస్కూలు మైదానాల్లో అంత సంయమనం కనపడదు. అదే టెక్సస్‌లో బోమాంట్ దగ్గర కౌంట్జ్ అనే ఊరుంది. జనాభా దాదాపు రెండు వేలు. 2012లో అక్కడి చీర్‌లీడర్లు ఆటగాళ్ళు మైదానంలోకి వచ్చే దారిలో కట్టే కాగితపు బ్యానర్ల మీద బైబిలు వాక్యాలు రాయడం మొదలుపెట్టారు. నిలువెత్తు కాగితం, రంగుల్లో అందంగా దిద్దిన అక్షరాలు. జట్టు పరుగున వచ్చి దాన్ని చీల్చుకుంటూ బయటకు దూకుతుంది. గంటలకొద్దీ రాసిన వాక్యం క్షణంలో పీలికలవుతుంది. అభ్యంతరం వస్తే స్కూలు అధికారి ఆపమన్నారు, అమ్మాయిల కుటుంబాలు కోర్టుకెక్కాయి. ఆరేళ్ళు నడిచి 2018లో టెక్సస్ కోర్టుల్లో చీర్‌లీడర్లే గెలిచారు. అవి స్కూలు మాటలు కావు, అమ్మాయిల సొంత మాటలే అన్నది తేలిన విషయం.

న్యాయం సంగతి అలా ఉంచి వేదాంతం సంగతి చూడాలి. ఆ బ్యానర్లలో ఒకదాని మీద కొరింథీయులకు పౌలు రాసిన మొదటి పత్రిక పదిహేనో అధ్యాయంలోని జయం గురించిన వాక్యం ఉంది. పౌలు అక్కడ మాట్లాడుతున్న జయం మరణం మీద. ఇంకో బ్యానరు మీది వాక్యం ఫిలిప్పీయులకు రాసిన పత్రికలోది, సంకెళ్ళలో ఉన్న పౌలు ఆకలైనా సమృద్ధైనా ఒకేలా భరించడం నేర్చుకున్నానని చెప్పే చోటిది. ఓడినా నిలబడగలనన్న మాట పక్క ఊరి జట్టును ఓడిస్తామన్న నినాదంగా మారిపోయింది. దీనివల్ల నాస్తికుడికి పోయేదేమీ లేదు. బాధపడాల్సినవాడు పౌలును శ్రద్ధగా చదివేవాడే. అలాగని కౌంట్జ్‌ను మూఢుల ఊరని తీసిపారేయడమూ అన్యాయమే. ఆ చిన్న ఊరే 1991లో చార్లెస్ బిలాల్ అనే ముస్లింను మేయరుగా ఎన్నుకుంది. అమెరికాలో మేయరైన తొలి ముస్లింగా ఆయన పేరే చెబుతారు.

చీర్‌లీడర్లకు ఎవరి మీదా అధికారం లేదు. కోచ్ అలా కాదు. వాషింగ్టన్ రాష్ట్రంలో సియాటిల్‌కు ఎదుటి ఒడ్డున, నౌకాదళపు ఓడల కార్ఖానాను నమ్ముకుని బతికే బ్రెమర్టన్ పట్టణంలో జో కెనడీ అనే మాజీ మెరీన్ 2008లో హైస్కూలు ఫుట్‌బాల్ జట్టుకు సహాయ కోచ్‌గా చేరాడు. ఒక క్రైస్తవ ఫుట్‌బాల్ సినిమా చూసిన ప్రేరణతో, గెలిచినా ఓడినా ప్రతి మ్యాచ్ తర్వాతా మైదానం నడిబొడ్డున యాభై గజాల గీత మీద మోకరిల్లి కృతజ్ఞత చెప్పుకుంటానని దేవుడికి మాట ఇచ్చుకున్నాడు. మొదట ఒంటరిగానే. మెల్లగా ఆటగాళ్ళు చుట్టూ చేరారు. ప్రార్థన ప్రసంగమైంది. ఏళ్ళ తరబడి ఎవరికీ పట్టలేదు. 2015లో సంగతి పై అధికారుల చెవిన పడి, ఆపమని చెబితే ఆయన పూర్తిగా ఆపలేదు. వార్త పొక్కి, ఆ అక్టోబరులో హోమ్‌కమింగ్ మ్యాచ్ ముగియగానే జనం కంచె దాటి మైదానంలోకి ఉరికారు. ఆ తోపులాటలో బ్యాండు పిల్లలు కొందరు కింద పడ్డారు. స్కూలు ఆయన్ను జీతంతో సెలవు మీద పంపింది.

2022 జూన్ 27న సుప్రీంకోర్టు ఆరుగురు ముగ్గురుగా చీలి కెనడీనే గెలిపించింది. జస్టిస్ గోర్సచ్ రాసిన తీర్పులో కనిపించేది పని ముగిశాక కాసేపు మౌనంగా దేవుణ్ని తలుచుకునే ఒక సాదాసీదా మనిషి. జస్టిస్ సోటోమేయర్ విభేదిస్తూ తన అభిప్రాయంలో ఫొటోలే అచ్చువేశారు. పైకెత్తిన హెల్మెట్లు, చుట్టూ మోకాళ్ళ మీద కుర్రాళ్ళు, మధ్యలో కోచ్. ఒకే గీత మీద జరిగిన ఒకే పనిలో ఇద్దరికీ రెండు వేర్వేరు పనులు కనిపించాయి. స్కూలు పక్షాన వాదన పత్రం దాఖలు చేసినవాళ్ళలో బాప్టిస్ట్ జాయింట్ కమిటీ కూడా ఉంది. రోజర్ విలియమ్స్ మాట బాప్టిస్టులు అందరూ మరిచిపోలేదు.

కెనడీ మాటల్లో నిజాయితీ లేదనడానికి కారణం కనపడదు. నమ్మకం డ్రెస్సింగ్ రూములో విప్పి కొక్కేనికి తగిలించేది కాదు, ఉద్యోగంలో చేరిన మనిషి దేవుణ్ని ఇంట్లో వదిలి రావాలనడం అన్యాయమే. కాకపోతే కేసు రికార్డుల్లో ఒక తండ్రి చెప్పిన మాట ఉంది. తన కొడుకు నాస్తికుడు. అయినా ఆ వలయంలో మోకరిల్లాడు, లేకపోతే తనను ఎక్కువసేపు ఆడనివ్వరేమోనని. కోచ్ ఎప్పుడూ అలా బెదిరించలేదు. బెదిరించాల్సిన అవసరమూ లేదు. ఎవరిని ఆడించాలి, ఎవరిని బెంచి మీద కూర్చోబెట్టాలి, కాలేజీ కోచ్‌లకు ఎవరి పేరు చెప్పాలి అన్నవన్నీ పెద్దవాళ్ళ చేతిలో ఉన్నప్పుడు పిల్లలు నోటి మాట కోసం ఆగరు, ముఖం చూసి నడుచుకుంటారు. ఆ అబ్బాయి దేవుణ్ని నమ్మలేదు, కోచ్‌ను ప్రసన్నం చేసుకున్నాడు. బయటి నుంచి చూసేవాళ్ళకు రెండూ మోకరిల్లడమే. విశ్వాసి అయిన కోచ్‌కు కలవరం కలిగించాల్సింది ఇదే. చుట్టూ ఉన్న పాతికమందిలో ఎందరు తన దేవుడి కోసం వచ్చారో, ఎందరు తన కోసం వచ్చారో తెలుసుకునే దారి ఆయనకు లేదు. ఆ దారి మూసింది ఆయన పదవి. 2023 సెప్టెంబరు 1న ఆయన తిరిగి ఒక్క మ్యాచ్‌కు కోచ్‌గా నిలబడి, ఆట ముగిశాక మైదానం మధ్యలో ప్రార్థించి, కొద్దిరోజుల్లోనే రాజీనామా చేశాడు.

ఈ వ్యవహారం అమెరికాకే పరిమితం కాదు. మన దేశంలో దీనికి దగ్గరి కేసును తేల్చిన ధర్మాసనానికి తీర్పు రాసింది ఒక తెలుగువాడు, ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నుంచి సుప్రీంకోర్టుకు వెళ్ళిన జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి. 1985 జులైలో కేరళలోని కిడంగూర్ అనే చిన్న ఊళ్ళో యెహోవాసాక్షులనే క్రైస్తవ శాఖ కుటుంబానికి చెందిన ముగ్గురు తోబుట్టువులను హైస్కూలు నుంచి తీసేశారు. పది, తొమ్మిది, అయిదు తరగతుల పిల్లలు వాళ్ళు. రోజూ అసెంబ్లీలో జాతీయ గీతానికి మర్యాదగా నిలబడేవాళ్ళు, నోరు మాత్రం కలిపేవాళ్ళు కాదు. తమ దేవుణ్ని తప్ప ఎవరినీ కీర్తించకూడదన్నది వాళ్ళ నియమం. శాసనసభలో ప్రశ్న వచ్చింది. విచారణ జరిపినవాళ్ళు కూడా పిల్లలు బుద్ధిమంతులేనని, గీతాన్ని అవమానించలేదని చెప్పారు. అయినా బడి తలుపు తెరుచుకోలేదు. 1986 ఆగస్టు 11న సుప్రీంకోర్టు వాళ్ళను తిరిగి చేర్చుకోమంది. నిలబడటం గౌరవానికి చాలునని, పాడాలని ఏ చట్టమూ చెప్పదని చిన్నపరెడ్డి రాశారు. అమెరికాలో ఇదే శాఖకు చెందిన పిల్లల జెండా వందనం కేసుల్లో అక్కడి సుప్రీంకోర్టు 1940లో ఒకలా, తప్పు దిద్దుకుని 1943లో ఇంకోలా తీర్పు ఇచ్చిన వైనాన్ని ఆయన ఆ తీర్పులో చర్చించారు.

మన రాజ్యాంగం 28వ అధికరణం పూర్తిగా ప్రభుత్వ సొమ్ముతో నడిచే విద్యాసంస్థలో మత బోధన కూడదంటుంది. ప్రభుత్వ గుర్తింపు ఉన్న బడిలో ఆరాధన జరిగినా, మైనరైతే సంరక్షకుల అనుమతి లేనిదే పాల్గొనాల్సిందేనని పట్టుబట్టకూడదనీ అంటుంది. ఆచరణలో తెలుగు నాట ఆటల పోటీలకు కొబ్బరికాయ కొట్టి రిబ్బను కత్తిరించడం, పదో తరగతి హాల్ టికెట్లను సరస్వతి పటం ముందు పెట్టడం ఎవరికీ వింతగా తోచదు. కేంద్రీయ విద్యాలయాల ఉదయపు ప్రార్థన మీద వేసిన పిటిషన్‌ను సుప్రీంకోర్టు 2019లో పెద్ద ధర్మాసనానికి నివేదించింది. ఆచారమో మతమో విడదీయలేని చోట కూడా వరుసలో చివర నిలబడ్డ పిల్లవాడి మనసులో ఏముందన్న ప్రశ్న అలాగే ఉంటుంది. కిడంగూర్ పిల్లలు దానికి ఇచ్చిన జవాబు మౌనం. వాళ్ళు ఎవరినీ ఆపలేదు, తామూ కలవలేదు.

శాంటా ఫే హైస్కూలు పేరు 2018 మే 18న మళ్ళీ ప్రపంచమంతా వినిపించింది. ఆ ఉదయం ఒక విద్యార్థి తుపాకులతో వచ్చి ఎనిమిది మంది పిల్లలను, ఇద్దరు టీచర్లను చంపాడు. సాయంత్రానికి ఊరంతా ఒకచోట చేరి ప్రార్థించింది. ఆ ప్రార్థనకు ఎవరూ ఓట్లు వేయించలేదు, ఎవరూ కేసు వేయలేదు. చనిపోయినవాళ్ళలో పాకిస్తాన్ నుంచి ఎక్స్ఛేంజ్ విద్యార్థినిగా వచ్చిన ముస్లిం అమ్మాయి ఉంది. రంజాన్ నెల అప్పుడే మొదలైంది. ఆమెను సొంత బిడ్డలా ఇంట్లో పెట్టుకున్న కుటుంబం క్రైస్తవులది. ఆమె ఒక్కతే పస్తుండటం చూడలేక తామూ ఆమెతో ఉపవాసాలు పట్టారు. పద్దెనిమిదేళ్ళ ముందు దేశంలోకెల్లా పెద్ద కోర్టులో ప్రార్థన కోసం పోరాడి ఓడిన ఊళ్ళో, ఒక ఇంట్లో పరాయి మతం వ్రతాన్ని అడగకుండానే పంచుకున్నారు. తమ నమ్మకం వదులుకోలేదు, ఆమెది మార్చాలని చూడలేదు. బోర్డు విధానాలు రెండు ఓటింగులతో పుట్టించాలని చూసిన కలివిడితనం ఆ వంటింట్లో దానంతటదే పుట్టింది. దానికి కారణమూ వెతకనక్కర్లేదు. అక్కడ గెలవాల్సిన పక్షమంటూ లేదు.

ఇప్పుడీ చర్చ తెలుగు ఇళ్ళకూ చేరింది. డాలస్ ఉత్తర శివార్లలోని ఫ్రిస్కో, ప్లేనో, అలెన్‌లలో తెలుగు కుటుంబాలు పెద్ద సంఖ్యలో ఉన్నాయి. అలెన్ హైస్కూలుకు 2012లో ఆరు కోట్ల డాలర్లతో పద్దెనిమిది వేల మంది పట్టే ఫుట్‌బాల్ స్టేడియం కట్టారు. అలాంటి స్టేడియాల్లో బ్యాండు యూనిఫాం వేసుకుని నిలబడే పిల్లల్లో మనవాళ్ళూ ఉంటారు. 2025లో టెక్సస్ రెండు చట్టాలు చేసింది. ఒకటి ప్రతి తరగతి గదిలో పది ఆజ్ఞల పటం తగిలించమంటుంది. దాని మీద వెంటనే కోర్టుల్లో వ్యాజ్యాలు పడ్డాయి. రెండోదాని ప్రకారం రోజూ ప్రార్థనకూ మతగ్రంథ పఠనానికీ కొంత సమయం కేటాయించాలా వద్దా అని ప్రతి స్కూల్ బోర్డూ ఓటు వేసి తేల్చాల్సి వచ్చింది. శాంటా ఫే కేసు నుంచి చట్టం రాసినవాళ్ళు కొంత నేర్చుకున్నట్టే ఉంది. మైకులో ప్రార్థన వద్దన్నారు, తల్లిదండ్రుల సంతకం తప్పనిసరి చేశారు.

బోర్డు ఒప్పుకున్న చోట సంతకం అమ్మానాన్నలు ఒక్కసారి పెడతారు. ఆ సమయానికి ఏ వైపు నడవాలో పిల్లవాడు రోజూ తేల్చుకోవాలి, అదీ తన జట్టువాళ్ళు ఎటు వెళుతున్నారో చూస్తూ. ఆ సమయంలో స్కూలు ఉద్యోగులు కూడా పాల్గొనడానికి చట్టం వీలు ఇచ్చింది. కోచ్‌లు కూడా స్కూలు ఉద్యోగులే.